కుడి ఇరవై తొమ్మిది, ఎడమ ముప్పై నాలుగు

మెట్టుగూడ, సికింద్రాబాద్
జూన్ 11

మామకు,

నవత దండాలు. ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏందీ?" అని అరుస్తావు. నేను గొంతు చించుకుంటే పక్కింటివాళ్ళు మనం కొట్లాడుకుంటున్నామనుకుంటారు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకే లాస్య నోట్‌బుక్‌లో కాగితం చింపి, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నా కళ్ళజోడు విరిగింది. మిషన్ మీద పెట్టి మరిచిపోయి దాని మీదే బట్టల మూట పడేశాను. జాకెట్లకు హుక్కులు కుట్టాలంటే సూది బెజ్జం కనిపించడం లేదు. డాక్టర్ దగ్గర పవర్ రాయించుకున్నాను. నువ్వు కళ్ళజోళ్ళ షాపు మానేసి స్కేలు పక్కన పెట్టేశాక వేరే షాపు గడప తొక్కబుద్ధి కాక, ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామనుకున్నాను. అన్నీ నింపాక ఆ సైటు "మీ పీడీ ఎంత?" అని అడిగింది. రెండు కంటిపాపల మధ్య దూరమట. నా పీడీ నాకేం తెలుసు? చిన్నప్పటినుంచి కొలిచిందీ నువ్వే, రాసుకున్నదీ నువ్వే. ఇంట్లోనే కొలుచుకోవచ్చంటున్నారు. ఎలాగో రాయి.

ఇంకో సంగతి. వచ్చే నెలకు కల్పలత అక్క పోయి రెండేళ్ళు. లాస్య నా దగ్గర బాగానే తింటోంది, బాగానే చదువుతోంది. ఓంప్రకాశ్ బావ ఆదివారం ఆదివారం డోర్నకల్ నుంచి వస్తాడు. కూతురి ఎదురుగా కూర్చుని గోడకేసి చూసి, సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. అక్క డాబా మెట్ల మీంచి పడిన రోజు పొద్దున వాళ్ళిద్దరూ గొడవపడ్డారు కదా. "పదేండ్లు ఎక్కి దిగిన మెట్లు, ఎట్ల పడ్తది? దూకింది" అని గల్లీలో ఎవరో అన్న మాట ఆయన గుండెలో ఉండిపోయింది. లాస్య చెవిలో కూడా పడింది. మొన్న అన్నం తింటూ అడిగింది: "చిన్నమ్మా, నేనంటే ఇష్టం లేకనే అమ్మ దూకిందా?"

ఏం చెప్పను మామా? నాకే తెలియదు.

నీ మేనకోడలు
నవత

సిద్దిపేట
జూన్ 17

చిరంజీవి నవతకు,

మామ వీరయ్య దీవెనలు. నలభై రెండేళ్ళు స్టేషన్ ముందు షాపులో ఎన్ని ముక్కుల మీద కళ్ళజోళ్ళు నిలబెట్టానో దేవుడికే తెలియాలి. నా మేనకోడలు ఇవాళ ఫోన్‌లో బొమ్మ చూసి అద్దాలు తెప్పించుకుంటుందట! కానియ్. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

శ్రద్ధగా చదువు. లాస్య జామెట్రీ బాక్సులో ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది, సున్న అంచు అరిగిపోనిది చూసి తీసుకో. పగటి వెలుతురులో అద్దం ముందు జానెడు దూరంలో నిలబడు. స్కేలు కనుబొమ్మలకు ఆనించు. ఎడమ కన్ను మూసి, కుడి కంటిపాప నడిమికి సున్న వచ్చేట్టు పట్టుకో. ఇప్పుడు తల కదపకుండా కుడి కన్ను మూసి ఎడమది తెరువు. ఎడమ కంటిపాప నడిమికి ఏ గీత వస్తే అదే నీ పీడీ. ముక్కు దూలం నడిమి దగ్గర ఏ గీత ఉందో అదీ చూడు. కుడి సగమెంత, ఎడమ సగమెంత అని తెలియాలి. అద్దంలో అంకెలు తిరగబడి కనిపిస్తాయి. కంగారుపడకు, గీతలు లెక్కపెట్టు. మూడుసార్లు కొలువు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక మాట అనేవాడు: "అద్దంల చూసి అద్దం కొలవొద్దు." మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే కొలవాలి. వాళ్ళ కుడి కన్ను మన ఎడమ చేతివైపు ఉంటుంది. అది బుర్రకు కాదు, చేతికి అలవాటు కావాలి. ఒంటరిదానివి, వేరే దారి లేదు కాబట్టి నీకు అద్దం దారి చెబుతున్నాను.

నీది ఎంతో చూడకుండానే చెప్పగలను. కానీ చెప్పను. కొలిచి రాయి, చూద్దాం నీ తెలివి.

లాస్యకు, పడిందని చెప్పు. పడింది. అంతే.

మామ

మెట్టుగూడ
జూన్ 25

మామకు,

నీ శిష్యురాలు పరీక్ష రాసింది. మొత్తం అరవై మూడు. కుడి ఇరవై తొమ్మిది, ఎడమ ముప్పై నాలుగు. మూడుసార్లు కొలవమన్నావు, ఏడుసార్లు కొలిచాను. ఒక్క గీత కూడా తేడా రాలేదు.

ఎందుకు ఏడుసార్లో చెబితే తిడతావు. మొదటిసారి నేను ఎడమ కన్ను మూశాను. అద్దంలో ఉన్నది వెంటనే మూయలేదు. రెప్పపాటు ఆగి మూసింది. కళ్ళజోడు లేని కంటికి అన్నీ అలాగే కనిపిస్తాయని నన్ను నేనే కసురుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి లాస్యను పిలిచి చూడమన్నాను. కాసేపు చూసి "నువ్వే జల్ది చేస్తున్నవ్ చిన్నమ్మా. ఆగి చెయ్యి" అంది. దాని మాట ప్రకారం ఆగి చేస్తే సరిపోయింది. ఎవరితోనో కలిసి అడుగు వేస్తున్నట్టుంది.

సరే, ఈ అంకెలు నింపెయ్యనా?

నవత

సిద్దిపేట
జూలై 1

నవతకు,

నింపకు. అంతా తప్పు.

నీది అరవై ఒకటి. కుడి ముప్పైన్నర, ఎడమ ముప్పైన్నర. నీ పదో తరగతి నుంచి మారలేదు, మారదు. నీ ముక్కు తూకపుముల్లు. అలాంటి ముక్కుకు ఇటు ఇరవై తొమ్మిది, అటు ముప్పై నాలుగు ఎలా వస్తుంది? ఐదు మిల్లీమీటర్ల తేడా రావాలంటే ముక్కు దూలం విరిగి అతుక్కుని ఉండాలి. ఇంత తేడా నేను నలభై రెండేళ్ళలో ఒక్కరికే రాశాను.

ఏ అద్దంలో చూశావు? వెంటనే రాయి. ఇంకోసారి కొలవకు.

మామ

మెట్టుగూడ
జూలై 9

మామకు,

ఆ ఒక్కరెవరో నాకు తెలుసు. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడి ముక్కు విరగ్గొట్టుకున్నది మన ఇంట్లో అక్క ఒక్కతే. కుడికి ఒంగిన ముక్కు. పెళ్ళిచూపుల్లో ఒకపక్కకు తిరిగి కూర్చోమని అమ్మ నేర్పిన ముక్కు.

అద్దం అక్క బీరువాదే. బావ ఇల్లు ఖాళీ చేసినప్పుడు లాస్య పట్టుబట్టి ఇక్కడికి తెప్పించుకుంది. బీరువా తలుపుకు ఉన్న అద్దం. నేను కావాలనే నీకు రాయలేదు, భయపడ్డానని ఏడిపిస్తావని.

కొలవద్దన్నావు, ఎలా ఆగుతాను? ఫోన్‌లో, నుదుటికి బ్యాంకు కార్డు ఆనించి ఫోటో దిగే పద్ధతొకటి ఉంది. అందులో అరవై ఒకటి వచ్చింది, నువ్వు చెప్పినట్టే. బాత్రూం అద్దంలో కూడా అరవై ఒకటి. బీరువా అద్దంలో మాత్రం అరవై మూడు. ఆఖరికి లాస్యను నిలబెట్టాను. పదకొండేళ్ళ పిల్ల, దానికెంతుండాలి? యాభై ఐదో, ఆరో. దాని చేతికే స్కేలు ఇచ్చాను. అది గీతలు లెక్కపెట్టి చదివింది: "నడిమిట్ల ఇరవై తొమ్మిది, ఆఖరికి అరవై మూడు." దాని చేతిలోంచి స్కేలు లాక్కున్నాను. అది మాత్రం భయపడలేదు. "టీచర్ డిక్టేషన్ చెప్తే మనం తప్పు రాస్తే మల్ల మల్ల చెప్తది కదా చిన్నమ్మా, గట్లున్నది" అంది.

ఆ సాయంత్రమే అద్దానికి జాకెట్ గుడ్డ కప్పి పిన్నులు పెట్టాను. పొద్దున లేచి చూస్తే గుడ్డ మిషన్ మీద నాలుగు మడతలు పెట్టి ఉంది. పిన్నులు ఒక మూలకు వరసగా గుచ్చి ఉన్నాయి. లాస్య నా పక్కనే పడుకుంది. అలా మడత పెట్టేది ఎవరో నీకూ తెలుసు.

నాకు భయంగా ఉంది మామా. కానీ అది నన్ను భయపెట్టడానికి వచ్చినట్టు లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

నవత

సిద్దిపేట
జూలై 15

నవతకు,

బీరువా అమ్మేయి. కొనేవాళ్ళు లేకపోతే పాత సామాన్లవాడికి ఊరికే ఇచ్చేయి. దగ్గర్లో ఏదో ఒక షాపుకు వెళ్ళి కళ్ళజోడు చేయించుకో. పిల్లతో ఇలాంటి ఆటలు ఆడించకు.

నా ఆరోగ్యం బాగాలేదు. ఈ సంగతి ఇక నాకు రాయొద్దు.

మామ

మెట్టుగూడ
జూలై 29

మామకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

అక్క సంవత్సరీకం అయింది. నువ్వు వస్తావనుకున్నాం, రాలేదు. బావ మాత్రం ఫోటో ముందు నిలబడి "ఆ పొద్దు నేను గా మాట అనకపోతే బతికుంటుండె" అని ఒక్క ముక్క అన్నాడు. ఆ ముక్క లాస్య విన్నది. రాత్రి జ్వరం తగిలింది పిల్లకు.

జ్వరం తగ్గాక అదే బీరువా అడుగు సొరుగులోంచి ఒక డబ్బా తీసుకొచ్చింది. అందులో అక్క ఆఖరి కళ్ళజోడు ఉంది. పడిన రోజు పెట్టుకున్నది. ఒక కాడ విరిగింది, అద్దాలకు ఏమీ కాలేదు. "దీన్ని కొలిపిద్దాం చిన్నమ్మా" అంది. బోయిగూడలో ఒక చిన్న షాపుకు తీసుకెళ్ళాను. ఆయన యంత్రంలో పెట్టి చూసి, అద్దాల మీద నల్ల చుక్కలు పెట్టి, చీటీ రాసిచ్చాడు. పవర్ రెండు కళ్ళకూ మైనస్ ఎనిమిది. మొత్తం అరవై మూడు. కుడి ముప్పై నాలుగు, ఎడమ ఇరవై తొమ్మిది.

బీరువా అద్దం చెప్పేదానికి సరిగ్గా తలకిందులు.

అద్దంలో అన్నీ తారుమారవుతాయి కదా, అందుకేనని సర్దిచెప్పుకున్నాను. లాస్య ఒప్పుకోలేదు. నా కుడి చెవి కమ్మ తీసేసి అద్దం ముందు నిలబెట్టింది. "ఏ పక్క లేదు చిన్నమ్మా?" అంది. కుడి చేతివైపే లేదు. తర్వాత తను వచ్చి నా ఎదురుగా నిలబడి, తన కుడి చెవి పట్టుకుని చూపించింది. అది నా ఎడమ చేతివైపు ఉంది. "మనిషి ఎదురుంగ ఉంటెనే అటుది ఇటైతది. అద్దంల కాదు" అంది.

అంటే అద్దం చెబుతున్నదే సరి, అక్క ముక్కు ఒంగింది కుడికే కదా. కళ్ళజోడే తప్పు.

మామా, అక్క ఆ జోడు పెట్టుకున్న రోజే నాకు ఫోన్ చేసింది. "అన్నీ కుడికి జరిగినట్టు కనబడ్తున్నయే" అంది. నవ్వింది. నేనూ నవ్వాను. డాబా మెట్లు దిగేటప్పుడు కుడివైపే పిట్టగోడ లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఎక్కడ నిలబడి కొలిచావు?

నవత

సిద్దిపేట
ఆగస్టు 20

నవతకు,

ఇరవై రోజులు పట్టింది ఈ కాగితం ముందు కూర్చోవడానికి.

వెనక నిలబడి కొలిచాను.

దానికి షాపుకు వచ్చే తీరిక లేదని నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. బీరువా అద్దం ముందు జడ వేసుకుంటోంది. లాస్య స్కూల్ ఆటో బయట హారన్ కొడుతోంది. కూర్చోమంటే "జెర జల్ది మామా, నేను గిట్లనే నిలబడ్త, నువ్వు అద్దంల చూసి కొలువు" అంది. ఉస్తాద్ మాట గుర్తొచ్చింది. గుర్తురాలేదని అబద్ధం చెప్పను. నలభై ఏళ్ళ చెయ్యి నాది, నాకేమవుతుందనుకున్నాను. భుజం మీంచి స్కేలు ఆనించాను. తిరగబడ్డ అంకెలను సరిచేసుకుని చదివాను. అంకెలను సరిచేశాను గానీ మనిషిని సరిచెయ్యలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళను కొలిచి కొలిచి, ఎడమ చేతివైపు ఉన్నది కుడి కన్ను అని నా చెయ్యి రాసేసింది. మొత్తం కలిపితే అరవై మూడే. అందుకే షాపులో ఎవరికీ దొరకలేదు.

మామూలు పవర్ అయితే తలనొప్పితో పోయేది. మైనస్ ఎనిమిది కదా. నిలబడి కాలి దగ్గర మెట్టు చూస్తే, ఆ మెట్టు ఉన్నచోటికి నాలుగు వేళ్ళు కుడికి కనిపిస్తుంది.

జోడు ఇచ్చిన రోజు సాయంత్రం నాకూ ఫోన్ చేసింది. అప్పుడు నా చెవులు బాగానే ఉండేవి. "మామా, మెట్లు పక్కకు జరిగినయ్" అంది. ఎవరు ఏ తక్లీఫ్ చెప్పినా మా షాపుల్లో ఒకటే జవాబు. అదే చెప్పాను: "నాలుగు రోజులు పెట్టుకుంటే అలవాటైతది."

మూడో రోజు పడిపోయింది.

దినాలు కాకముందే షాపుకు వెళ్ళి కార్డు తీసి చూశాను. నా చేతిరాత. కుడి 34, ఎడమ 29. ఆ కార్డు చింపేశాను. దూకిందని గల్లీలో అంటున్నారని తెలిసి కూడా నోరు విప్పలేదు. ఆ నెలలోనే నా చెవులు పోయాయి. మంచిదే అనుకున్నాను, ఎవరూ ఏమీ అడగరని. రెండేళ్ళు ఒక పసిపిల్ల, ఒక మగవాడు నా పాపం మోశారు. నేను పిరికివాణ్ణి నవతా.

లాస్యకు చెప్పు. వాళ్ళమ్మ దూకలేదు. మెట్టు కనిపించిన చోటే కాలు పెట్టింది. మెట్టును పక్కకు జరిపింది నేను.

వీరయ్య

మెట్టుగూడ
సెప్టెంబర్ 6

మామకు,

నీ ఉత్తరం లాస్యకు చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా. అది రెండుసార్లు చదివించుకుంది. "అంటే అమ్మ సాయంత్రం నా కోసం దిగి వస్తుండేనా?" అని అడిగింది. అవునన్నాను. డాబా మీద ఆరేసిన దాని యూనిఫాం అక్క చేతిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చి చెప్పాను. అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళలో మొదటిసారి బిడ్డ గొంతెత్తి ఏడ్చింది. ఆదివారం బావకూ ఇచ్చాను. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని పొద్దుగూకే దాకా కూర్చున్నాడు. ఆఖరి బండి పోయినా లేవలేదు.

నిన్న బీరువా అద్దంలో కొలిచాను. నాది అరవై ఒకటి. లాస్యది యాభై ఆరు. నేను కన్ను మూస్తే అద్దంలోదీ వెంటనే మూసింది. గుడ్డ కప్పితే కప్పినట్టే ఉంది. అక్క ఇక్కడినుంచి వెళ్ళిపోయింది మామా. ఎటు వెళ్ళిందో తెలియదు. ఇల్లు తేలికగా ఉంది. నాకే ఏదో వెలితిగా ఉంది.

నీ మీద నాకు కోపం ఉంది. తప్పు కొలిచినందుకు కాదు. చెయ్యి తప్పుతుంది, నేనూ ఎన్నో జాకెట్లు పాడుచేశాను. కార్డు చింపినందుకు. కోపం తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను.

అక్క కళ్ళజోడు ప్యాకెట్ చేసి పంపుతున్నాను. విరిగిన కాడకు ఎర్ర దారం కట్టాను. ఇది నా ఇంట్లో ఉండకూడదు. నువ్వు చేసినది, నీ దగ్గరే ఉండనీ.

నవత

సిద్దిపేట
సెప్టెంబర్ 15

చిరంజీవి నవతకు, లాస్యకు,

దీవెనలు. కోపం ఉంచుకో బిడ్డా, తగ్గించుకోవాల్సిన తొందర లేదు.

ప్యాకెట్ పదమూడో తారీకు మధ్యాహ్నం అందింది. ఇంట్లో ఎవరూ లేరు. కొడుకూ కోడలూ ఆమె పుట్టింటికి వెళ్ళారు. దారపు ముడి చూశాను, నీ చేతి ముడి. ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామని పెట్టుకున్నాను. నాది ప్లస్ కన్ను. మైనస్ ఎనిమిది పెట్టుకుంటే నాకు గోడ కూడా కనిపించకూడదు. క్యాలెండర్‌లో తిథులు కూడా కనిపించాయి. నలభై రెండేళ్ళలో నేను ఎవరికీ ఇంత స్పష్టమైన జోడు ఇవ్వలేదు. అయితే క్యాలెండర్ మేకుకు లేదు. మేకుకు కుడిపక్కన గాలిలో వేలాడుతోంది.

తీసేసి, గడ్డం గీసుకునే అద్దం ముందు నిలబడి స్కేలు పట్టుకున్నాను. పాతికేళ్ళప్పటినుంచీ నా పీడీ అరవై ఆరు. కన్ను మూశాను. అద్దంలో ఉన్నది రెప్పపాటు ఆగి మూసింది. ఆగి చేశాను, లాస్య చెప్పినట్టు. కుడి ఇరవై తొమ్మిది. ఎడమ ముప్పై నాలుగు.

ఎటు వెళ్ళిందో తెలియదని రాశావు. అందుకే చెబుతున్నాను. ఇక్కడికొచ్చింది. బాగానే ఉంది.

మళ్ళీ జోడు పెట్టుకున్నాను. అప్పటినుంచి తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు. దానికి ఎలా కనిపించిందో నాకూ అలాగే కనిపించాలి కదా. అన్నం పళ్ళెం పక్కన చెయ్యి పెడుతున్నాను, చెంబు పక్కన నీళ్ళు పోస్తున్నాను. నవ్వొస్తోంది. పాపం, అదీ ఫోన్‌లో నవ్వుతూనే చెప్పింది.

మాది మొదటి అంతస్తు. పోస్టు డబ్బా వీధి చివర ఉంది. ఈ ఉత్తరం వెయ్యాలంటే పద్నాలుగు మెట్లు దిగాలి. గడప దగ్గర నిలబడి చూశాను. పద్నాలుగూ నాలుగు వేళ్ళు కుడికి జరిగి ఉన్నాయి. ఇవాళ మూడో రోజు.

నా గురించి పరేషాన్ కావద్దు. రెండేళ్ళుగా ఉరుము కూడా వినపడని ఈ చెవులకు పొద్దుటినుంచి ఒక గొంతు వినిపిస్తోంది. భుజం వెనకే నిలబడి అంటోంది, కోపంగా కూడా కాదు, నేను దానితో అన్నంత మామూలుగా:

"నాలుగు రోజులు పెట్టుకుంటే అలవాటైతది మామా. దిగు."

మామ